అవిద్యను ఎక్కడ పట్టుకోవాలి: వేదనకీ తృష్ణకీ మధ్య సాధన

దుఃఖానికి వేరు అవిద్య అని బౌద్ధం చెబుతుంది. తెలుగువాళ్లకి ఈ మాట వినగానే అర్థమైపోయినట్టుంటుంది, చిక్కు అక్కడే మొదలవుతుంది. సూత్రాల్లోని (బుద్ధుడి ఉపదేశాల్లోని) పదాలు మన నోట్లోనూ నలుగుతాయి, అర్థాలు మాత్రం వేరు. అవిద్య అంటే చదువు లేకపోవడం కాదు. దుఃఖం, దాని పుట్టుక, దాని నిరోధం, ఆ నిరోధానికి దారి, ఈ నాలుగూ తెలియకపోవడం. వేదన అంటే బాధ కాదు. ఏ అనుభవమైనా తగిలిన క్షణంలో ఉండే రుచి: సుఖం, దుఃఖం, రెండూ కానిది. సంస్కారం అంటే మర్యాద కాదు, చేతకు పురికొల్పే చేతన, అంటే సంకల్పం. ఉపేక్ష అంటే నిర్లక్ష్యం కాదు, ఎటూ ఒరగని మనసు. సాధన మొదలుపెట్టే ముందు ఈ నాలుగు మాటల పాత అర్థాలు పక్కన పెట్టాలి.

అద్వైతం చదివినవాళ్లు ఇంకొకటి కూడా పక్కన పెట్టాలి. భ్రాంతి అనగానే లోకం మాయ, వెనక సత్యమైన వస్తువొకటి దాగుంది అన్న చిత్రం వచ్చేస్తుంది. ఇక్కడ అలాంటి వస్తువును వెతకరు. తలకిందులుగా చూడటాన్ని చూస్తారు. అనిత్యాన్ని నిత్యమని, దుఃఖాన్ని సుఖమని, అనాత్మను ఆత్మ అని, అశుభాన్ని శుభమని చూసే ఈ నాలుగు తీరులకీ విపర్యాసాలని పేరు. ఇవి సంజ్ఞలో (గుర్తుపట్టడంలో), చిత్తంలో (ఆలోచనలో), దృష్టిలో (అభిప్రాయంలో), మూడు స్థాయుల్లో పనిచేస్తాయి. పుస్తకం చదివితే కదిలేది ఎక్కువగా మూడోదే. అందుకే అంతా అనిత్యమని వాదించి గెలిచినవాడు కూడా కొత్త బండి మీద గీత పడితే ఆ రాత్రి నిద్రపోడు.

దుఃఖం ఎలా పుడుతుందో బౌద్ధం పన్నెండు లంకెల గొలుసుగా చెబుతుంది. అందులో మొదటిది అవిద్య, చివరిది జరామరణం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొదటి లంకె దగ్గరికి నేరుగా వెళ్లలేరు. కంటికి ఆనేది నడిమి భాగం: ఆరోది స్పర్శ (ఇంద్రియానికి విషయం తగలడం), ఏడోది వేదన, ఎనిమిదోది తృష్ణ, తొమ్మిదోది ఉపాదానం (పట్టుకుని వేలాడటం). స్పర్శ కలిగితే వేదన రాక మానదు, దాన్ని ఆపే ప్రయత్నం వృథా. తృష్ణ మాత్రం తప్పనిసరి కాదు. పని చేయాల్సింది ఈ సందులోనే.

కూర్చోవడం

రోజూ ఒకే వేళకి 30 నిమిషాలు చాలు. మొదటి 10 నిమిషాలు ముక్కు కొసన శ్వాసను గమనించండి, లెక్కపెట్టొద్దు. తర్వాతి 15 నిమిషాలు ఒంట్లో ఎక్కడ ఏది తగిలినా మూడు గుర్తుల్లో ఒకటి వేయండి: సుఖం, దుఃఖం, రెండూ కాదు. మోకాలు నొప్పెడితే "దుఃఖం" అని గుర్తువేసి, కాలు కదపాలన్న తొందర ఎప్పుడు పుట్టిందో చూడండి. నొప్పి వేరు, తొందర వేరు. ఈ రెంటి మధ్య ఎడం ఒక్కసారి కనిపిస్తే మొదటి వారం పని అయినట్టే. ఆ తర్వాత కాలు కదుపుకోవచ్చు, పంతం అక్కర్లేదు. చివరి అయిదు నిమిషాలు మళ్లీ శ్వాస.

అవిద్యకు కూడా ఆహారం ఉంటుందని, ఆ ఆహారం అయిదు నీవరణాలని, అంటే మనసును కప్పేసే అడ్డంకులని ఒక సూత్రం చెబుతుంది: కామచ్ఛందం (ఇంద్రియ సుఖాల మీద కోరిక), ద్వేషం, మగత, ఉద్రేకం-పశ్చాత్తాపం, సందేహం. కాబట్టి భోంచేసిన వెంటనే, పోట్లాడి వచ్చిన వెంటనే పరిశీలనకు దిగొద్దు. మగతగా ఉంటే కళ్లు తెరిచి నడవండి. మనసు ఉడుకుతుంటే ఆ రోజు కూర్చున్న సమయమంతా శ్వాసకే ఇచ్చేయండి.

నోటుబుక్కు

రోజుకి ఒక్క సంఘటన, 14 రోజులు. పేజీని అయిదు నిలువు గళ్లు చేసి స్పర్శ, వేదన, సంజ్ఞ, తృష్ణ, ఉపాదానం అని రాయండి. గొలుసులో సంజ్ఞ విడిగా కనిపించదు, నాలుగో లంకె అయిన నామరూపాల్లో (మనసు, శరీరం) కలిసి ఉంటుంది. కానీ మధుపిండిక సూత్రం దాన్ని వేదన వెనకే నిలబెడుతుంది. అనుభవించినదాన్ని గుర్తుపడతాం, గుర్తుపట్టినదాన్ని ఆలోచిస్తాం, ఆలోచించినదాన్ని పపంచంగా అల్లుకుంటాం. పపంచం అంటే పాళీలో మన ప్రపంచమే, కానీ తెలుగులో ప్రపంచం అంటే లోకం. ఇక్కడ మాత్రం అది ఆలోచనల అల్లిక.

వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. స్పర్శ: కన్ను, తెర మీద రెండు నీలం గీతలు, చూపు, మూడూ కలిశాయి. వేదన: దుఃఖం, ఛాతీలో బిగువు. సంజ్ఞ: "చూసి కూడా పలకలేదు". తృష్ణ: జవాబు రావాలి, ఈ బిగువు పోవాలి. ఉపాదానం: "నేనంటే లెక్కలేదు". ఇప్పుడు విపర్యాసం వెతకండి. అవతలి మనిషి శ్రద్ధ ఎప్పుడూ ఒకేలా ఉంటుందని లోపల నమ్మకం పెట్టుకున్నారా? రెండు గీతల్లో "నేను" ఎక్కణ్ణుంచి వచ్చింది?

చాలామందికి ముందు తోచేది అయిదో గడే. అదే రాసి వెనక్కి రండి. ఎక్కువ తప్పులు పడేది మొదటి గడిలో. "నిర్లక్ష్యంగా వదిలేశాడు" అన్నది స్పర్శ కాదు, కన్ను నిర్లక్ష్యాన్ని చూడదు. దాన్ని మూడో గడికి మార్చాలి. రెండో గడిలో "అవమానం", "కోపం" రాసినా తప్పే, అక్కడ మూడు మాటలకే చోటు.

రెండో వారంలో మూడో రకం వేదన మీద దృష్టి పెట్టండి. ధమ్మదిన్న అనే భిక్షుణి విశాఖుడనే గృహస్థుకి ఇచ్చిన జవాబుల్లో ఇది కీలకం: సుఖ వేదన కింద రాగం, దుఃఖ వేదన కింద ద్వేషం, రెండూ కానిదాని కింద అవిద్య నిద్రాణంగా ఉంటాయి. బస్టాపులో ఏమీ తోచనప్పుడు చెయ్యి దానంతట అదే ఫోను మీదికి పోయే క్షణం అదే. అప్పుడు ఫోను తీయకుండా మూడు శ్వాసలు ఆగి, "రెండూ కాదు" అని గుర్తువేసి, తర్వాత తీసుకోండి. ఈ మూడో రకం వేదన తెలిస్తే సుఖమనీ తెలియకపోతే దుఃఖమనీ ధమ్మదిన్న చెప్పింది. ఆ మాట నిజమో కాదో మూడు శ్వాసల్లో తేలిపోతుంది.

గాడి తప్పే చోట్లు

కోపం పోవాలన్న కోరిక కూడా తృష్ణే. దాని పేరు విభవ తృష్ణ. "ఇంకా కోపం వస్తోంది, నా సాధన పనికిరాదు" అని రాస్తే ఆ వాక్యాన్ని కూడా నాలుగో గడిలో వేసి ముందుకు పోండి. నొప్పిని వదిలి సుఖం వైపు పరిగెత్తడం గాడి తప్పే మరో చోటు. దుఃఖ వేదన తగిలిన సామాన్యుడికి ఇంద్రియ సుఖం తప్ప మరో తప్పించుకునే దారి తెలియదని రెండు బాణాల ఉపమానం (ఒంటి నొప్పి మొదటి బాణం, దాని మీద మనసు పడే బాధ రెండోది) ఉన్న సూత్రంలోనే ఉంది. అన్నిటికన్నా చెడ్డది, పక్కవాడి బాధను "అంతా భ్రాంతి" అని కొట్టిపారేయడం. ఈ పరిశీలన ఎవరి నోటుబుక్కులో వాళ్లకే.

అర్థమైంది కదా అని ఆపేయడం అన్నిటికన్నా మామూలు తప్పు. సంప్రదాయం నాగార్జునకొండతో ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారిక అనే తన గ్రంథం 26వ ప్రకరణంలో ఈ పన్నెండు లంకెలనే తీసుకుని, అవిద్య ఆగేది జ్ఞానాన్ని భావన చేయడం వల్ల అంటాడు. భావన అంటే పదేపదే సాగు చేయడం.

అరటిబోదె

పద్నాలుగు పేజీలు నిండాకే ఇది. అయిదో గడిలోని "నేను"లన్నిటికీ ఎర్రపెన్నుతో గీత పెట్టండి. ఒక్కో దాన్ని తీసుకుని అయిదు స్కంధాల్లో (మనిషిగా కనిపించే అయిదు పోగుల్లో) దేన్ని "నేను" అన్నారో అడగండి. సూత్రం వీటికి పోలికలు చెప్పింది: రూపం నురుగు, వేదన నీటి బుడగ, సంజ్ఞ ఎండమావి, సంస్కారాలు అరటిబోదె, విజ్ఞానం (ఎరుక) గారడీ. కలప కోసం వెళ్లినవాడు అరటిబోదె పొరలు ఒలుచుకుంటూ పోతే చేవ దొరకదు. (మధ్యలో దూట ఉంటుంది కదా అంటారా? కూరకి పనికొస్తుంది, దూలానికి కాదు.) ఒకసారికి పది నిమిషాలు, వారానికి రెండుసార్లు మించొద్దు. గుండె దడో, అంతా ఖాళీ అన్న భయమో పుడితే వెంటనే ఆపి, అరికాళ్ల కింద నేల తగలడాన్ని గమనిస్తూ నడవండి. ఇప్పటికే కుంగుబాటుకు మందులు వాడుతున్నవాళ్లు ఈ భాగం వదిలేసి, శ్వాస దగ్గరే ఉండి, వైద్యుడితో మాట్లాడాకే ముందుకు వెళ్లాలి.