డైవింగ్ మాస్కుకి ఆవిరి పట్టకుండా: ఒక కళ్లజోళ్ల షాపువాడి కిటుకులు

శ్రీకాకుళంలో నాది కళ్లజోళ్ల షాపు. పద్దెనిమిదేళ్లుగా అద్దాలు తుడవడమే నా బతుకు. అలాంటి నేను మా జిల్లాలోని బారువ సముద్రతీరంలో మొదటిసారి స్కూబా డైవింగ్‌కి (గాలి సిలిండరుతో నీటి అడుగుకి వెళ్లడానికి) దిగి, మాస్కుకి ఆవిరి పట్టేసి ఏమీ కనపడక, టెన్షన్ పడి కాసేపటికే పైకి వచ్చేశాను. బోటు మీది పెద్దాయన చెయ్యందించి లాగుతూ "ఏటి బాబూ, కళ్లద్దాల బాబుకే కనపడలేదేటి?" అన్నాడు. బోటంతా నవ్వులే. అక్కడ అడుగున వందేళ్లు దాటిన ఓడ ఒకటి ఉంది. దాన్ని చూద్దామని వెళ్లి నా ఊపిరి ఆవిరి చూసుకుని వచ్చాను.

తప్పు నాదే. మాస్కు కొత్తది కదా అని ముందురోజు షాపులో లెన్స్ క్లీనర్ కొట్టి, మెత్తటి గుడ్డతో తళతళలాడేలా తుడిచి ఊరుకున్నాను. కొత్త మాస్కు అద్దం మీద తయారీలో అంటుకున్న సిలికాన్ పొర పల్చగా ఉంటుంది. కంటికి ఆనదు, మామూలు తుడుపుకి పోదు. నూనె అంటిన స్టీలు పళ్లెం మీద నీళ్లు చల్లితే ఉండలు కడతాయి చూడండి, ఆ పొర మీద ఆవిరి కూడా అలాగే సన్న చుక్కలై నిలబడుతుంది. మాస్కు లోపల గాలి మన ముఖం వల్ల వెచ్చగా, తడిగా ఉంటుంది. అద్దానికి అవతల చల్లటి సముద్రం. తేమ అద్దం మీదకి చేరక మానదు. ఆ చుక్కలు విడివిడిగా నిలవకుండా పల్చటి నీటిపొరలా పరుచుకునేట్టు చేయడమే మన పని.

అందుకని అసలు పని ఇంట్లోనే మొదలవుతుంది. తెల్ల టూత్‌పేస్టు తీసుకోండి, జెల్ వద్దు. తడి లేని అద్దానికి లోపలివైపు శనగగింజంత పేస్టు పెట్టి, వేలి కొసతో గుండ్రంగా రుద్దండి. నడుమ అందరూ రుద్దుతారు, ముక్కు పక్కన మూలల్ని వదిలేస్తారు. ఆవిరి ముందు దొరకబుచ్చుకునేది ఆ మూలల్నే. రెండు మూడు నిమిషాలు రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరాక నోటితో "హా" అని ఊదండి. ఎక్కడ తెల్లగా మరకలా నిలిస్తే అక్కడ పొర ఇంకా ఉన్నట్టే. మళ్లీ రుద్దాలి. నాకు నాలుగు సార్లు పట్టింది. పళ్లపొడి, గిన్నెలు తోమే పౌడరు మాత్రం దగ్గరికి రానివ్వకండి, గీతలు పడతాయి.

ఇదంతా మామూలు టెంపర్డ్ గ్లాసు సంగతి. రంగు కోటింగో, లోపల యాంటీఫాగ్ (ఆవిరి పట్టనివ్వని) కోటింగో ఉన్న మాస్కు అయితే పేస్టు పెట్టకుండా ముందు డబ్బాలోని కాగితం చదవండి. మంచి కోటింగ్‌ని బట్ట సబ్బుతో తోమి పాడు చేసుకుని నా దగ్గరికి వచ్చేవాళ్లకి కొదవ లేదు.

లైటరు మంటతో ఆ పొరని కాల్చేవాళ్లు కూడా ఉన్నారు. ఒక పాత మాస్కు మీద నేనూ చేసి చూశాను. పొర సంగతేమో గానీ ఫ్రేము అంచు మెత్తబడి వంకర పోయింది. నేనైతే వద్దంటాను.

ఇక దిగే రోజు. పొద్దున్నే ముఖానికి కొబ్బరినూనె, సన్‌స్క్రీన్ దట్టంగా పూసుకుంటే, మాస్కు పెట్టుకునేటప్పుడు ఆ జిడ్డు అద్దానికి అంటుతుంది. రాత్రి పడ్డ కష్టమంతా సముద్రం పాలు. బోటు మీద మాస్కుని ఎండలో పడేయకండి. నుదుటి మీదకి ఎక్కించుకుని ఫోటోలకి నిలబడితే చెమట, వేడి లోపలికి చేరతాయి. మెడలోకి దించుకోండి.

నీళ్లలోకి దిగబోయే ముందు పొడి అద్దం లోపల ఉమ్మి వేసి వేలితో అంతా రాయాలి. ఛీ అనుకోకండి, ఉమ్మి ఆ చుక్కల్ని పరిచేస్తుంది. అంతకంటే నాకు నచ్చింది బేబీ షాంపూ. చిన్న సీసా నీళ్లలో నాలుగైదు చుక్కలు కలిపి దగ్గర పెట్టుకుంటాను. కరోనా రోజుల్లో మూతి మాస్కు వల్ల కళ్లజోడు మసకబారుతోందని వచ్చినవాళ్లకి నేను చెప్పిన సబ్బునీళ్ల చిట్కాకి ఇది చుట్టమే. గిన్నెల సబ్బు పనిచేస్తుంది గానీ కళ్లు మండుతాయి. ఏది రాసినా సముద్రపు నీళ్లలో ఒక్కసారి ముంచి తీసి, వెంటనే పెట్టుకోవాలి. ఎక్కువ కడిగినా, గుడ్డతో తుడిచినా రాసింది పోతుంది. తుడవడం అలవాటైన నా చేతికి అది మాన్పించడమే కష్టమైంది.

మాస్కు కళ్లతో పాటు ముక్కునీ కప్పుతుంది, అందుకని లోపలికి వెళ్లాక ఊరికే ముక్కుతో ఊపిరి వదలొద్దు, నోటితోనే వదలాలి. కంగారులో తెలియకుండానే వదిలేస్తాం. అప్పటికీ ఆవిరి పడితే, మాస్కు అంచు కాస్త ఎత్తి గుక్కెడు నీళ్లు రానిచ్చి, తల వంచి అద్దం మీద తిప్పండి. తర్వాత పై అంచుని నుదుటికి నొక్కిపట్టి, తల కొద్దిగా ఎత్తి ముక్కుతో నెమ్మదిగా ఊదితే నీళ్లు కింది నుంచి పోతాయి. ముక్కుతో ఊదాల్సింది ఇలాంటప్పుడూ, కిందికి దిగుతుంటే మాస్కు ముఖానికి నొక్కుకుపోతున్నప్పుడు కొద్దిగానూ. ఇది ఇన్‌స్ట్రక్టర్ దగ్గర లోతు లేని నీళ్లలో ముందే నేర్చుకోవాలి. మీసం ఒత్తుగా ఉన్నవాళ్లకి నీళ్లు వాటంతటవే వస్తుంటాయి. అది లీకు, దానికి షాంపూ పనిచేయదు.

ఒడ్డుకొచ్చాక మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, డబ్బాలో పెట్టేయాలి. నా మాస్కు షాపులో ఫ్రేముల పక్కనే ఉంటుంది. మొన్న ఒక మాస్టారు అది చూసి "దీనికి పవర్ వేస్తారా?" అని అడిగారు. చాలా మోడళ్లకి మైనస్ పవర్ అద్దాలు దొరుకుతాయండీ, కాకపోతే వాటికీ ఈ పేస్టు పని తప్పదు అన్నాను.