కదిలే బోటు దూరాన్ని పల్సు రాడారుతో కొలవడం

పది కిలోమీటర్ల అవతల పది నాట్ల (గంటకు పది నాటికల్ మైళ్ల) వేగంతో ఒక బోటు వెళుతోందనుకోండి. మన రాడారు వదిలిన పల్సు, అంటే క్షణకాలపు రేడియో తరంగం, దానికి తగిలి తిరిగి రావడానికి 67 మైక్రోసెకన్లు పడుతుంది. ఆ లోపు ఆ బోటు కదిలేది మిల్లీమీటరులో మూడో వంతు, అంటే వడ్లగింజ మందం కూడా కాదు. కాబట్టి గురి (మనం దూరం కొలిచే వస్తువు) కదులుతోంది కనుక దూరం తప్పు వచ్చిందనేది కుదరని మాట. తప్పు వచ్చేది దూరం లెక్క మొదలయ్యే సున్నా సరిగా పెట్టకపోవడం వల్ల, తెర మీద దూరం కొలిచే వలయాన్ని గురి తాలూకు చుక్కకు ఏ అంచున ఆనించాలో తెలియకపోవడం వల్ల, చూసిన సమయం రాసుకోకపోవడం వల్ల.

లెక్క చిన్నదే. రేడియో తరంగం మైక్రోసెకనుకు 300 మీటర్లు పోతుంది. పోను రాను కలిపిన సమయం కనుక సగం చేస్తే మైక్రోసెకనుకు 150 మీటర్ల దూరం. ఒక నాటికల్ మైలుకు (1,852 మీ.) 12.36 మైక్రోసెకన్లు. తెర మీద మైలు అని కనపడేది ఈ నాటికల్ మైలే. దాన్ని కిలోమీటరుగా చదివితే ఉన్న దూరంలో దాదాపు సగమే అనుకుంటారు, రోడ్డు మైలుగా చదివినా పదమూడు శాతం తక్కువ పడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా మరపడవల మీద ఉండే చిన్న ఎక్స్ బ్యాండు రాడారు గురించి: 4 కిలోవాట్ల మాగ్నెట్రాన్ (పల్సును పుట్టించే గొట్టం), 9,410 మెగాహెర్ట్జ్, నిమిషానికి 24 చుట్లు తిరిగే స్కానరు (పైన ఉండే యాంటెనా).

ముందు సున్నా

పల్సు వదలమనే సంకేతం కేబులు గుండా పైన స్కానరుకు వెళ్లాలి, ఎకో (గురికి తగిలి తిరిగొచ్చిన పల్సు) మళ్లీ కేబులు గుండా కిందికి రావాలి. మామూలు కేబుల్లో మీటరుకు సుమారు 5 నానోసెకన్లు. పది మీటర్ల కేబులైతే రాకపోకలకు 100 నానోసెకన్లు, అంటే 15 మీటర్ల తప్పు. ఇది ప్రతి కొలతలోనూ అంతే ఉంటుంది. పది మైళ్ల దూరంలో దాన్ని ఎవరూ పట్టించుకోరు కానీ, సంక్రాంతి ముందు తెల్లవారుజామున మొగలో (ఏరు సముద్రంలో కలిసే చోట) మంచు పట్టినప్పుడు ఎదురుగా వచ్చే బోటు విషయంలో 15 మీటర్లంటే ఒక బోటు పొడవు.

సరిచేయడానికి తిన్నటి గోడ ఒకటి కావాలి. కాకినాడలో అయితే జట్టీకి కట్టి ఉన్నప్పుడే రేవు గోడనో, పోర్టు దగ్గరి రాళ్లకట్టనో చూడొచ్చు. పావు మైలు స్కేలు (తెర అంచుదాకా పట్టే దూరం), పొట్టి పల్సు పెట్టండి. తిన్నగా ఉండాల్సిన గోడ మధ్యలో మనవైపు లోపలికి వంగి కనపడితే రాడారు తక్కువ చూపిస్తోంది, అవతలికి ఉబ్బి కనపడితే ఎక్కువ చూపిస్తోంది. మెనూలో టైమింగ్ అడ్జస్ట్ అనేదాన్ని గోడ తిన్నబడేదాకా మెల్లగా జరపండి. కేబులు మార్చినా, స్కానరును పైకి ఎత్తి బిగించినా ఈ పని మళ్లీ చేయాల్సిందే. దీనికి హోప్ ఐలాండ్ ఇసుకతిన్నెను గానీ, కోరింగ మడ అంచును గానీ గోడగా వాడుకోకండి. ఇసుక పల్చటి ఎకో ఇస్తుంది, మడ అంచు చిరిగిన వలలా ఉంటుంది, పైగా పోటుకూ పాటుకూ నీటి అంచు జరిగిపోతుంది.

రాడారు కొలిచేది స్కానరు నుంచి. స్కానరు క్యాబిన్ మీద ఉండి, బోటు ముక్కు దానికి 8 మీటర్లు ముందుంటే, ఢీకొట్టే దూరం తెర చెప్పినదానికన్నా 8 మీటర్లు తక్కువ.

తెరను సిద్ధం చేయడం

స్టాండ్‌బైలో ఒకటిన్నర నుంచి మూడు నిమిషాలు వేడెక్కనివ్వాలి. ప్రసారం మొదలెట్టే ముందు స్తంభం మీద మనిషి లేడని కంటితో చూసుకోండి.

ఎకోలను బలపరిచే గెయిన్‌ను తెరంతా పల్చగా నూకలు చల్లినట్టు మచ్చలు కనపడేదాకా పెంచి అక్కడ ఆపాలి. నూకలు పూర్తిగా పోయేలా తగ్గిస్తే చిన్న నావలు కూడా పోతాయి. కెరటాల మచ్చలను తగ్గించే సీ క్లటర్ నాబుతోనే ఎక్కువ నష్టం జరుగుతుంది. తెర శుభ్రంగా కనపడుతోందని దాన్ని చివరిదాకా తిప్పేస్తే, మైలు లోపలున్న నావలన్నీ కెరటాలతోపాటు మాయమవుతాయి. గాలి వచ్చే వైపు కొద్దిగా మచ్చలు మిగిలేట్టు ఉంచండి. మొగ దగ్గర ఇసుకమేట మీద విరిగే కెరటం అచ్చం బోటులాగే చుక్క పెడుతుంది. పది చుట్లు చూడండి: బోటైతే ఆరేడు చుట్లలో అదే చోట గానీ, ఒకే దారిలో జరుగుతూ గానీ వస్తుంది. కెరటం ఓసారి ఇక్కడ, ఓసారి అక్కడ.

ఎకో స్ట్రెచ్, ఎకో యావరేజింగ్ అనే రెండు సదుపాయాలను కొలిచేటప్పుడు ఆపేయండి. మొదటిది చుక్కను సాగదీస్తుంది. రెండోది వరుస చుట్లను పోల్చి, ఒకే చోట ఉన్నదాన్ని బలంగానూ జరిగేదాన్ని నీరసంగానూ చూపిస్తుంది. కదిలే గురికి అది నేరుగా శత్రువు.

వలయం ఎక్కడ ఆనించాలి

పల్సు 0.08 మైక్రోసెకన్లైతే దూరంలో దాని పొడవు 12 మీటర్లు, 0.25 అయితే 37, 0.8 అయితే 120. చుక్క ఆ మేరకు అవతలివైపు సాగుతుంది. ఇవతలి అంచు మాత్రం ఎకో మొదలైన క్షణమే. అందుకే వీఆర్‌ఎం (దూరం కొలవడానికి మనం జరిపే గుర్తు) వలయపు బయటి అంచు చుక్క ఇవతలి అంచును తాకీ తాకనట్టు ఆనాలి. చుక్క నడిమికి పెట్టడం చాలామందికి అలవాటు. పొడుగు పల్సులో అలా చేస్తే 60 మీటర్లు ఎక్కువ చదువుతారు, ఎదురొచ్చే బోటు ఇంకా దూరంగా ఉందనుకుంటారు.

గురి పట్టే అన్నిటికన్నా చిన్న స్కేలులో కొలవండి. వ్యాసార్థానికి 240 బిందువులున్న తెర మీద ఆరు మైళ్ల స్కేలులో ఒక్కో బిందువు 46 మీటర్లు, ఒకటిన్నర మైలు స్కేలులో 12 మీటర్ల లోపే. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2004 ప్రమాణం కూడా 30 మీటర్లు లేదా వాడుతున్న స్కేలులో ఒక శాతం, ఏది ఎక్కువైతే అంత తప్పును ఒప్పుకుంటుంది. ఆరు మైళ్లలో ఒక శాతమంటే 111 మీటర్లు.

దిక్కు విషయంలో ఇంత ధీమా పనికిరాదు. రెండడుగుల రేడోమ్ (గుండ్రటి మూతలో ఉండే స్కానరు) కిరణం వెడల్పు సుమారు 4 డిగ్రీలు, పది కిలోమీటర్ల దగ్గర అది 700 మీటర్లు. పక్కపక్కనే వలలు లాగుతున్న రెండు బోట్లు ఆ దూరంలో ఒకే గీతగా కనపడతాయి.

ఆరు నిమిషాల లెక్క

కదిలే గురి విషయంలో ఒక్క కొలత దేనికీ చాలదు. ఇరువైపులా పది నాట్లతో ఎదురెదురుగా వస్తుంటే సెకనుకు పది మీటర్లు దగ్గరవుతాయి. వలయం ఆనించి, అంకె చదివి, రాసేసరికి పది సెకన్లు పోతే వంద మీటర్లు పోయినట్టే. కనుక వలయం ఆనిన క్షణంలోనే గడియారం చూసి ముందు సమయం, తర్వాత దూరం, దిక్కు రాయండి.

ఆరు నిమిషాలకొకసారి కొలిస్తే లెక్క నోటితోనే అయిపోతుంది. ఆరు నిమిషాలు గంటలో పదో వంతు కనుక తగ్గిన మైళ్లను పదితో గుణిస్తే నాట్లు. 6.0, 4.8, 3.6 అని వచ్చిందంటే 12 నాట్లతో దగ్గరవుతోంది, మిగిలింది 18 నిమిషాలు. దిక్కు కూడా చూడండి. దూరం తగ్గుతూ దిక్సూచి ప్రకారం దిక్కు మారకపోతే అది మన మీదికే వస్తోంది. ఈ 12 నాట్లు అవతలి బోటు వేగం కాదు, మన వేగం కూడా అందులో కలిసి ఉంది. ఎదుటివాడి అసలు వేగం కావాలంటే కాగితం మీద మన దారిని తీసేసి గీయాలి.

సముద్రంలోని చమురు ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్ల లోపలికి వెళ్లకూడదు. రెండో వలయాన్ని 0.27 మైలుకు పెట్టి వదిలేయండి. ప్లాట్‌ఫారం చుక్క వలయాన్ని తాకక ముందే చుక్కాని తిప్పాలి.

లేనివి కనపడినప్పుడు

కాకినాడ బయట లంగరు వేసిన పెద్ద ఓడ పక్కనుంచి పోతుంటే పల్సు మన బోటుకూ ఓడకూ మధ్య రెండు మూడుసార్లు కొట్టుకుంటుంది. 400 మీటర్ల దగ్గర అసలు చుక్క, అదే దిక్కులో 800, 1,200 దగ్గర దొంగ చుక్కలు. రెండో చుక్క అసలుదానికి రెట్టింపు వేగంతో జరుగుతుంది కనుక ఇట్టే దొరికిపోతుంది.

ఎండాకాలంలో నేలమీది వేడి పొడిగాలి సముద్రం మీద పరుచుకున్నప్పుడు పల్సు నీటి ఒంపు వెంబడే వంగి చాలా దూరం పోతుంది. సెకనుకు 2,100 పల్సులు వదిలే స్కేలులో రెండు పల్సుల మధ్య పట్టే దూరం 71.4 కిలోమీటర్లు. 80 కిలోమీటర్ల అవతలి ఓడ ఎకో తర్వాతి పల్సు ఖాతాలో పడి 8.6 దగ్గర కనపడుతుంది. అనుమానం వస్తే పల్సుల సంఖ్య మారేలా స్కేలు మార్చండి: నిజమైన చుక్క దూరం మారదు, ఇది ఎగిరిపోతుంది.

ఇక కనపడని నావ. ఐదు మీటర్ల ఎత్తు స్కానరుకు, నీటి పైన ఒక మీటరు ఎత్తున్న గురికి రాడారు చూపు 13 కిలోమీటర్లు. కానీ ఫైబరు నావ అందులో చిన్న వంతు దూరం నుంచి కూడా సరిగా తెలియదు. దూరం రెట్టింపైతే ఎకో పదహారో వంతుకు పడిపోతుంది. మూడు అల్యూమినియం రేకులను ఒకదానికొకటి లంబంగా, మధ్య గుంటల గోడలు త్రికోణాలుగా ఉండేట్టు బిగించి, మూల నుంచి అంచు 30 సెంటీమీటర్లుండేలా చేసిన రిఫ్లెక్టరు ఈ తరంగానికి సుమారు 33 చదరపు మీటర్ల గురిలా పనిచేస్తుంది. రేకుల మధ్య గుంటల్లో ఒకటి వాన నీరు పట్టేలా ఆకాశంకేసి ఉండేట్టు కర్రకు కట్టాలి. రేకులు రెండు మూడు డిగ్రీలు వంగినా ఎకో బాగా తగ్గుతుంది, కాబట్టి వలల కింద పడేసి తొక్కకండి.