వేప్‌తో సిగరెట్ మానొచ్చా? అలిపిరి మెట్ల మీద ఆయాసపడినవాడు చెప్తా ఉండా

తిరుపతిలో మా ఆఫీసు కింద టీ అంగడి దగ్గర వారానికి ఒకరన్నా అడుగుతా ఉంటారు, అన్నా నువ్వు వేప్ పట్టుకుని సిగరెట్ మానేసినావంట కదా, యాడ దొరుకుతాది అని. సిగరెట్ మానింది నిజమే, వేప్ అంటే బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్ సిగరెట్, అది పట్టింది కూడా నిజమే, గాని మధ్యలో జరిగిన కత ఎవరికీ తెలీదు, ఆ వేప్‌ని వదిలించుకోడానికి నాకు ఇంకో ఎనిమిది నెలలు పట్టింది. అందుకని ప్రతి ఒక్కరికీ నిలబడి చెప్పే ఓపిక లేక ఒకేసారి రాసి పడేస్తా ఉండా, మీలో ఎవరన్నా మారదామనుకుంటా ఉంటే చదువుకోండి.

మొదట అసలు తేడా ఏందో తెలుసుకోండి. సిగరెట్‌లో మనల్ని కట్టేసేది నికోటిన్, చంపేది మాత్రం ఎక్కువగా పొగ. ఆకు కాలితే తారు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా వేల రకాల రసాయనాలు వస్తాయి, వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ తెచ్చేవి. వేప్‌లో కాలేది ఏమీ ఉండదు, లోపల చిన్న కాయిల్ బ్యాటరీతో వేడెక్కి లిక్విడ్‌ని ఆవిరి చేస్తాది, ఆ లిక్విడ్‌లో ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, ఇంక మామిడి అనీ స్ట్రాబెర్రీ అనీ ఫ్లేవర్లు. కాబట్టి తారు ఉండదు, కార్బన్ మోనాక్సైడ్ దాదాపు ఉండదు. ఆ లెక్క మీదనే ఇంగ్లాండ్ ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో వేప్ సిగరెట్ కంటే సుమారు 95 శాతం తక్కువ హాని అని చెప్పింది, మనోళ్లు ఆ ఒక్క నంబర్ పట్టుకుని వాట్సాప్‌లో తిప్పుతా ఉంటారు.

ఆ నంబర్ తప్పని నేననడంలా. గాని అది ఆ దేశం సరుకు గురించి చెప్పింది సామీ. అక్కడ మిల్లీలీటర్‌కి 20 ఎంజీ నికోటిన్ దాటకూడదని రూలు, లిక్విడ్‌లో ఏముందో కంపెనీ ప్రభుత్వానికి చెప్పాల, సీసా మీద రాయాల. మన దగ్గర? 2019లోనే ఎలక్ట్రానిక్ సిగరెట్లు, అంటే వేప్‌లు, మొత్తం నిషేధం, సెప్టెంబర్‌లో ఆర్డినెన్స్, డిసెంబర్‌లో చట్టం. తయారు చేసినా, అమ్మినా, దిగుమతి చేసినా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరేసినా మొదటిసారికి ఏడాది దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదంటే రెండూ. ఇంట్లో స్టాక్ పెట్టుకుంటే ఆరు నెలల దాకా జైలు లేదా యాభై వేల దాకా జరిమానా, లేదంటే రెండూ. తాగేవాడికి విడిగా శిక్ష ఆ చట్టంలో రాయలేదు, నిజమే, గాని కొనాలంటే ఎవడో ఒకడు దొంగచాటుగా అమ్మాల కదా. దొంగచాటు సరుకుకి చెకింగ్ ఎవరు చేస్తారు. డబ్బా మీద రాసింది లోపల ఉందో లేదో దేవుడికే ఎరుక.

నాకు దొరికింది చెన్నై నుంచి ఒక స్నేహితుడు తెచ్చిచ్చింది, వాడిపారేసే రకం, మీద 5 శాతం అని రాసుంది. ఏదో చిన్న నంబరే కదా అనుకుంటి. 5 శాతం అంటే మిల్లీలీటర్‌కి 50 ఎంజీ, లోపల 2 మిల్లీలీటర్లు ఉంటే 100 ఎంజీ నికోటిన్. ఒక సిగరెట్ తాగితే మన ఒంట్లోకి చేరేది ఒకటి నుంచి రెండు ఎంజీ. వేప్‌లో ఉన్నదంతా ఒంట్లోకి పోదు సరే, అయినా లెక్క మీరే వేసుకోండి. పైగా సిగరెట్ అంటే కిందికి దిగాల, సిగరెట్లమ్మే బంకు దగ్గరికి పోవాల, కాల్చాల, ఐపోతాది. వేప్‌కి ఐపోవడం అనేది లేదు, జేబులోంచి తీసి బాత్రూంలో ఒకటి, లిఫ్ట్‌లో ఒకటి, పడుకున్నాక దుప్పట్లో ఒకటి. సిగరెట్ వాసన రాదు కాబట్టి ఇంట్లో ఎవరూ తిట్టరు. నాలుగు నెలలు పొద్దున కాఫీతో సిగరెట్, మిగతా పూటంతా వేప్. ఇదే పెద్ద తప్పు, అందరూ చేసే తప్పు. రెండూ కలిపి లాగితే సిగరెట్ హాని పెద్దగా తగ్గదు, రోజుకి నాలుగైదు తాగినా గుండెకి ముప్పు చాలావరకు మిగిలే ఉంటాది, పైన ఇది అదనం. ఆ ఏడాది అలిపిరి నుంచి నడిచి పోతా ఉంటే గాలిగోపురం చేరేలోపల మూడుసార్లు కూలబడితి, గుండె డప్పు కొట్టినట్టు కొట్టుకుంటా ఉంది, పక్కన ఎవరింటి అవ్వో గోవిందా గోవిందా అనుకుంటా నన్ను దాటిపోయింది.

వేప్ పనిచేయదా అంటే పనిచేస్తాది, అబద్ధం ఎందుకు చెప్పాల. ఇంగ్లాండ్‌లో 886 మంది మీద చేసి 2019లో బయటపెట్టిన పరీక్షలో ఏడాది తర్వాత వేప్ వాడినోళ్లలో 18 శాతం సిగరెట్ మానేసి ఉన్నారు, నమిలే నికోటిన్ గమ్ము, చర్మానికి అంటించే ప్యాచ్‌లాంటివి వాడినోళ్లలో 9.9 శాతమే. ఇది విని ఎగిరి గంతేయొద్దు, అదే పరీక్షలో ఇంకో ముక్క ఉంది, వేప్‌తో మానినోళ్లలో 80 శాతం ఏడాది తర్వాత కూడా వేప్ లాగతానే ఉన్నారు, గమ్ము, ప్యాచ్‌లాంటివాటితో మానినోళ్లలో అవి ఇంకా వాడేది 9 శాతం. అంటే ఒక తాడు విప్పి ఇంకో తాడు కట్టుకున్నట్టు. నా సంగతి అచ్చం అదే.

అమెరికాలో 2019లో వేప్ తాగి ఊపిరితిత్తులు దెబ్బతిని ఆస్పత్రిలో పడ్డారు గుర్తుందా, 2020 ఫిబ్రవరి కల్లా 2,807 కేసులు, 68 మంది చనిపోయినారు. అది ఎక్కువగా మామూలు నికోటిన్ వేప్ వల్ల కాదు, ఎక్కువ మంది గంజాయి లిక్విడ్ వాడినోళ్లు, ముఖ్యంగా దాంట్లో కలిపిన విటమిన్ ఈ ఆసిటేట్ అనే నూనె వల్ల అని తేలింది. మనకి దాంట్లో నుంచి తెలిసేది ఏందంటే, అది కూడా దొంగ సరుకే, ఎవడో ఏదో కలిపినాడు, తాగేవాడికి తెలీదు.

సరే, అయితే ఏం చేయాల. నన్నడిగితే మన ఊర్లో ఉండేవాడికి వేప్ దారి వద్దు, గమ్ముతో పొండి. నికోటిన్ గమ్ము 2 ఎంజీది మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇస్తారు, 4 ఎంజీది కావాలంటే డాక్టర్ రాయాల. నిద్ర లేచిన అరగంట లోపలే మొదటి సిగరెట్ ముట్టించేవాళ్లకి 2 ఎంజీ చాలదు, అట్లాంటోళ్లు ముందే డాక్టర్‌ని కలవండి.

గమ్ము నమిలే పద్ధతి ఉంది, అది తెలీకనే సగం మంది ఇది పనిచేయదని పారేస్తారు. నేను కూడా మొదటిరోజు బబుల్‌గమ్ము మాదిరి కసకసా నమిలేస్తి, గొంతు మంట, ఎక్కిళ్లు, కడుపులో తిప్పుడు, అరగంట నరకం. అట్లా కాదు. నిదానంగా నమలండి, కాసేపటికి నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంటాది, అనంగానే ఆపేసి దవడకీ చిగురుకీ మధ్యన పెట్టి గమ్మునుండండి. ఆ చురుకు తగ్గినాక మళ్లీ నాలుగు నములుళ్లు, ఈసారి ఇంకో పక్కన పెట్టండి. అట్లా అరగంట. నికోటిన్ చిగుళ్ల నుంచి ఎక్కాల, కడుపులోకి మింగితే ఉపయోగం లేదు. ముఖ్యంగా నమిలే ముందు పావుగంట నుంచి కాఫీ, టీ, నిమ్మకాయ సోడా ఏవీ వద్దు, పులుపు నోట్లో ఉంటే నికోటిన్ సరిగా ఎక్కదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకి, చివరి మూడు వారాలు ఇంకా ఎడంగా, మొత్తం పన్నెండు వారాలు. ఆశ పుట్టినాక కాదు, పుట్టకముందే టైం ప్రకారం నమలండి, ఆకలేసినాక ఉలవలు నానబెడితే ఏం లాభం.

కాఫీ సంగతి ఎవరూ చెప్పరు, నేను చెప్తా. పొగలో ఉండే రసాయనాలు మన లివర్‌ని ఉరకలెత్తించి కెఫిన్‌ని తొందరగా కరిగించేస్తాయి, అందుకే సిగరెట్ తాగేవాళ్లు ఐదారు ఫిల్టర్ కాఫీలు తాగినా ఏమీ కాదు. పొగ ఆపంగానే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతాది, గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర పట్టదు, మనమేమో సిగరెట్ మానినందుకే ఇట్లా అయిందని మళ్లీ ముట్టిస్తాం. ఇది నికోటిన్ పని కాదు, పొగ పని, కాబట్టి వేప్‌కి మారినా ఇదే జరుగుతాది. మానే రోజు నుంచి కాఫీలు సగానికి సగం తగ్గించేయండి, అంతే. ఇదే కారణానికి ఆయాసానికి థియోఫిలిన్ వాడేవాళ్లు, మానసిక జబ్బుకి క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవాళ్లు సిగరెట్ మానే ముందు డాక్టర్‌కి చెప్పాల్సిందే, మందు డోసు మార్చాల్సి రావచ్చు. షుగర్‌కి ఇన్సులిన్ వేసుకునేవాళ్లు కూడా చెప్పండి.

రోజు ఎట్లా ఎంచుకోవాల అంటే మన ఊరోళ్లకి అదృష్టం ఉంది. అలిపిరి టోల్‌గేట్ దగ్గర చెకింగ్‌లో సిగరెట్, గుట్కా ఏదీ పైకి పోనీరు, కాబట్టి మానిన మొదటి ఒకటి రెండు రోజులు కొండమీద గడిపేస్తే బంకు అనేది కంటికే కనపడదు. గమ్ము మాత్రం పైన దొరుకుతాదిలే అని వదిలేయొద్దు, కింద నుంచే తీసుకుపొండి. మొక్కు మొక్కుకోండి, గుండు కొట్టించుకోండి, గాని నికోటిన్‌ది లెక్క వేరే, దానికి గమ్ము కావాల.

ఇంకోటి అయ్యప్ప మాల. మా వీధిలో ఏటా పదిమంది వేస్తారు, 41 రోజులు ఒక్క సిగరెట్ ముట్టరు, శబరిమల నుంచి బస్సు దిగి మాల తీసిన సాయంత్రమే బంకు దగ్గర నిలబడి ఉంటారు. నాకు ఏడుపొస్తాది చూస్తే. ఒంటికి నికోటిన్ కోసం ఉండే పీకులాట మొదటి మూడు రోజులు బాగా ఎక్కువ, మూడు నాలుగు వారాలకి చాలామటుకు తగ్గిపోతాది. అంటే ఆ కష్టమంతా మాలలోనే ఐపోయింది, మాల తీసినాక తాగేది ఒంటికి కాదు, అలవాటుకి, ఊరికే. కాబట్టి మాల వేసేవాళ్లు ముందే అనుకోండి, తీసే రోజు ఎవరితో ఉంటాను, ఎక్కడ ఉంటాను, చేతిలో ఏముంటాది అని. చెనక్కాయలన్నా పెట్టుకోండి.

ఆశ వచ్చినప్పుడు అది ఐదు పది నిమిషాలే ఉంటాది, అంతసేపు ఏదో ఒకటి చేయండి, నీళ్లు తాగండి, నడవండి. కోపం వస్తాది, మలబద్ధకం వస్తాది, నోట్లో పుండ్లు రావచ్చు, నాలుగైదు కేజీలు పెరగొచ్చు, నేను ఆరు పెరిగితి, సంగటి తగ్గిస్తే తగ్గింది. దగ్గు మొదట ఎక్కువైనట్టుంటాది, భయపడొద్దు. నెత్తురులో కార్బన్ మోనాక్సైడ్ ఒక్క రోజులోపలే దిగిపోతాది, కొన్ని వారాలకి ఆయాసం తగ్గుతాది, ఏడాదికి గుండె జబ్బు ముప్పు తాగేవాడితో పోలిస్తే సగం అవుతాది, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సగానికి రావాలంటే మాత్రం పదేళ్లు.

ఇప్పటికే వేప్ చేతిలో ఉన్నవాళ్ల సంగతి. మీరు సిగరెట్ పూర్తిగా వదిలి వేప్ మీదుంటే, వేప్ పోయిందని మళ్లీ సిగరెట్‌కి మాత్రం పోవద్దు, అది ఇంకా చెడ్డది. వేప్‌ని గమ్ము మీదికి దించండి. వాడిపారేసే రకంలో నికోటిన్ తగ్గించుకుంటా రావడానికి కుదరదు, కాబట్టి నేను చేసింది ఏందంటే తావులు మూసుకుంటా వస్తి. మొదటి వారం పడకగదిలో లేదు, రెండో వారం బాత్రూంలో లేదు, బండి మీద లేదు, పొద్దున లేచినాక మొదటి దమ్ము వారానికి అరగంట వెనక్కి. కడాకి మిద్దె మీద ఒక్క చోటే మిగిలింది, ఎండాకాలం మధ్యాహ్నం తిరుపతిలో మిద్దె ఎక్కే ధైర్యం ఎవరికుంది, దానంతట అదే తగ్గింది. మిగిలిన టైంలో గమ్ము. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ లిక్విడ్ జాగ్రత్త, పండ్ల వాసనకి నోట్లో పెట్టుకుంటారు, కొంచెమే మింగినా విషం. పారేసేటప్పుడు చెత్తకుప్పలో వేయొద్దు, లోపల లిథియం బ్యాటరీ ఉంటాది, చెత్త కాలిస్తే పేలుతాది, పాత ఫోన్లు తీసుకునేవాళ్లకి ఇచ్చేయండి.

అసలు సిగరెట్టే తాగని కాలేజీ పిల్లలు స్టైల్ కోసం వేప్ పట్టుకుంటా ఉన్నారు, వాళ్లకి ఈ గైడ్‌లో ఒక్క లైన్ కూడా లేదు, ఆ వేప్‌ని పక్కన పెట్టేయండి నాయనా.

ఒంటరిగా మానడం మీ వల్ల కాకపోతే 1800-11-2356కి ఫోన్ చేయండి, సిగరెట్ ప్యాకెట్ మీదనే ఉంటాది ఆ నంబర్, ఎవరూ చూడరు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడేవాళ్లు కావాలని అడగండి. లేదంటే మన రుయా ఆస్పత్రిలో ఊపిరితిత్తుల ఓపీ చీటీ రాయించుకోండి, గమ్ము పనిచేయనోళ్లకి వారెనిక్లిన్, బుప్రోపియాన్ అని మాత్రలు కూడా ఉన్నాయి, అవి డాక్టర్ చూసి ఇవ్వాల్సినవి. గుండెపోటు వచ్చి ఎక్కువ రోజులు కానివాళ్లు, గర్భిణీలు గమ్ము కూడా డాక్టర్‌ని అడిగే వాడండి.

గంగమ్మ జాతర వారం, పెళ్లిళ్లు, మందు పార్టీలు, ఈ మూడే నన్ను మళ్లీ లాగినవి. ఇప్పటికీ జాతరకి పోతే చొక్కా జేబులో రెండు గమ్ములు పెట్టుకునే పోతా, మా వీధి మెడికల్ షాపోడు పదిన్నరకే మూసేస్తాడు కాబట్టి సాయంత్రమే కొనిపెట్టుకుంటా.