మాక్సిమోలోకి అసెట్లు ఎక్కించేటప్పుడు ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది

రాయగడ దగ్గర ఒక ప్లాంటులో మెషిన్ల (అసెట్ల) జాబితా మొత్తం మాక్సిమోలోకి, అంటే మెషిన్లూ వాటి మరమ్మతులూ నమోదు చేసే ఐబీఎం సాఫ్ట్‌వేర్‌లోకి, ఎక్కించే పని నాకు పడింది. ఎక్సెల్ షీటు, సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు), ఏపీఐ (ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి డేటా పంపే దారి), నేరుగా డేటాబేసు, ఈ నాలుగింట్లో ఏది ఫాస్ట్ అని అందరూ అడుగుతారు గానీ, ఫెయిలైన లైను ఏదో, ఎందుకు ఫెయిలైందో ఏది చెబుతుందో ముందు అది చూడండి.

సమస్య: నంబర్లు మారిపోయాయి

00451 అనే పంపు 451 అయింది, 16 అంకెల సీరియల్ నంబర్లో చివరి అంకె సున్నా అయింది. మాక్సిమో తప్పు కాదిది. ఎవరో సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచారు, అది మామూలు సంఖ్య అనుకుని ముందున్న సున్నాలు తీసేసి, 15 అంకెలు దాటాక ఉన్నదాన్ని సున్నా చేసేసింది. సేవ్ కొట్టాక ఆ అంకె ఇక రాదు. నేను పంపు దగ్గరికెళ్లి, నేమ్‌ప్లేటు మీద గ్రీజును కాటన్ వేస్టుతో తుడిచి, టార్చి వేసి చదువుకొచ్చాను. డబుల్ క్లిక్ మానేసి, డేటా ట్యాబు నుంచి ఫైలు తెచ్చుకుని ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి.

ఒడియా, తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తే యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతి) సీఎస్‌వీగా సేవ్ చేయలేదని అర్థం. అసలు షీటు నుంచి మళ్లీ సేవ్ చేయాల్సిందే.

సమస్య: లొకేషన్ షీటులో ఉంది, సిస్టమ్ లేదంటోంది

లొకేషన్ అంటే మెషిన్ ఉండే చోటు. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు వైపు ఇది ఎక్కువ. ఒకే ఊరిని స్టోర్సు వాళ్లు పర్లాఖెముండి అని, మనవాళ్లు పర్లాకిమిడి అని రాస్తారు, పేరుతో కోడ్ కట్టారంటే రెండు లొకేషన్లు పుడతాయి. పేరు కాదు, ముందే ఖాయం చేసుకున్న కోడ్ వాడండి, చివర మిగిలిన స్పేసులు ట్రిమ్ చేయండి. అదీ కాకపోతే వరస తప్పింది: పై లొకేషన్లు ముందు, వాటి కిందవి తర్వాత, అసెట్లు ఆఖర్న.

సమస్య: ఫైలు సగం ఎక్కి ఆగిపోయింది

బయటి నుంచి వచ్చే డేటా మెసేజ్‌లుగా క్యూలో నిలబడుతుంది. వాటిని వరసగా ఒక్కొక్కటే ఎక్కించే సీక్వెన్షియల్ క్యూలో ఒక్క మెసేజ్ తప్పయినా దాని వెనకవన్నీ నిలబడిపోతాయి. మాక్సిమోలోని మెసేజ్ రీప్రాసెసింగ్ స్క్రీన్‌లో దాన్ని సరిచేసి మళ్లీ పంపితే మిగతావి కదులుతాయి. కంటిన్యువస్ క్యూ అలా ఆగదు, కానీ వరస గ్యారంటీ ఉండదు కాబట్టి లొకేషన్లకు వద్దు, అవి ఎక్కాక అసెట్లకు వాడుకోవచ్చు. కొన్ని వందల లైన్లకైతే నాకు ఎక్సెల్ షీటే ఇష్టం, తప్పు ఆ లైను పక్కనే కనిపిస్తుంది. రోజూ వేరే సిస్టమ్ నుంచి రావాలంటే ఏపీఐ.

సమస్య: ఎర్రర్ ఏమీ లేదు, కానీ డ్రిల్‌డౌన్‌లో లొకేషన్లు కనపడవు

డ్రిల్‌డౌన్ అంటే పై లొకేషన్ నుంచి కిందవాటికి దిగుతూ చూసే స్క్రీన్. అందులో కనపడలేదంటే డేటాబేసు టేబుల్లోకి నేరుగా ఇన్సర్ట్ కొట్టారన్నమాట. టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఏ లొకేషన్ దేని కింద ఉందో దాచే టేబుళ్లు నిండలేదు, ఐడీ సీక్వెన్స్ (తర్వాతి నంబరు ఇచ్చే లెక్క) కూడా ముందుకు కదల్లేదు, కొన్నాళ్లకు ఎవరో కొత్త అసెట్ సేవ్ చేయబోతే డూప్లికేట్ కీ, అంటే ఆ నంబరు ఇప్పటికే ఉంది, అంటుంది. ఒక్కో టేబుల్ అతుకులు వేయొద్దు. బ్యాకప్ నుంచి వెనక్కి తెచ్చి, ఆబ్జెక్ట్ స్ట్రక్చర్ (మాక్సిమో తన నియమాలు పాటిస్తూ డేటా తీసుకునే దారి) గుండా మొదటి నుంచి ఎక్కించండి.