ఉడికించిన గుడ్లు నూనెలో వేసే ముందు

గాటు పెట్టని పచ్చిమిరపకాయను నూనెలో వేస్తే పేలుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. గాటు పెట్టని ఉడికిన గుడ్డు కూడా అలాగే పేలుతుందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఎలాగూ ఉడికిపోయింది, కాస్త ఎర్రగా వేపుకోవడమే కదా అనుకుని, నీళ్లలోంచి తీసింది తీసినట్టు మూకుట్లో వేసేస్తారు. రెండు మూడు నిమిషాలు ఏమీ కాదు. పైన చక్కగా రంగు తిరుగుతుంటుంది. ఎంతవరకు వేగిందో చూద్దామని మొహం దగ్గరగా పెట్టి అట్లకాడతో కదిపేసరికి టప్‌మని పేలి, కాగిన నూనె, వేడి సొన కలిసి చేతుల మీద, మెడ మీద, ఒక్కోసారి కంట్లో పడతాయి.

గుడ్డు వేపుడు చేసుకోవద్దని చెప్పడం కాదు నా ఉద్దేశం. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా, ఉప్పూ కారం పట్టిన గుడ్డు పప్పుచారన్నంలోకి ఉంటే ఇంకో కూర అక్కర్లేదు. పైగా ఈ వంటలో చెయ్యి కాలకుండా తీసుకునే జాగ్రత్తలూ, గుడ్డు కరకరలాడటానికి చేసే పనులూ దాదాపు ఒకటే. తడి లేకుండా తుడవడం, గాట్లు పెట్టడం, సెగ తగ్గించి ఓపిగ్గా వేపడం. అందుకే వీటిని చాదస్తం అనుకోకుండా వంటలో భాగంగానే అలవాటు చేసుకోండి. కొత్తగా గరిటె పట్టినవాళ్లు, హాస్టల్ గదుల్లోనూ విదేశాల్లో అద్దె అపార్ట్‌మెంట్లలోనూ వండుకునే పిల్లలు ఒకసారి పూర్తిగా చదవండి.

ఎందుకు పేలుతుంది

తెల్లసొనలో దాదాపు 88 శాతం నీరే. ఉడికితే సొన గట్టిపడుతుంది గానీ ఆ నీరు ఎక్కడికీ పోదు. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది. వేపుడు నూనె 160 నుంచి 180 డిగ్రీల వేడిలో ఉంటుంది. ఆవిరైన నీటికి మునుపటి కంటే సుమారు 1,600 రెట్లు చోటు కావాలి. నూనెలో పడ్డాక గుడ్డు పైభాగం ఎండి, తోలులా బిగుసుకుని, లోపలి ఆవిరికి దారి మూసేస్తుంది. ఒత్తిడి పెరిగి పెరిగి, ఎక్కడ పలుచగా ఉంటే అక్కడ చిట్లుతుంది. పైపొర బిగుసుకోవడానికి కొంత సమయం పడుతుంది కాబట్టే వేసిన వెంటనే కాకుండా, అంతా బాగానే ఉందని మనం ధైర్యం తెచ్చుకున్నాక పేలుతుంది.

ఉడికించడం, ఒలవడం, తుడవడం

వేపడానికి సగం ఉడికిన గుడ్డు పనికిరాదు. పచ్చసొన జారుగా ఉంటే గాటులోంచి నూనెలోకి కారి, నురగ కట్టి, మాడి అడుగంటుతుంది. చన్నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి మీద పెట్టి, నీళ్లు మరగడం మొదలయ్యాక సెగ తగ్గించి 10 నుంచి 12 నిమిషాలు ఉంచితే గట్టిగా ఉడుకుతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లను మరిగే నీళ్లలో వేయకండి, పెంకు పగిలి సొన బయటికి వస్తుంది. ఉడికాక చన్నీళ్లలో వేసి పూర్తిగా చల్లారనివ్వండి. చల్లార్చకపోతే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగా ఒక వలయం వస్తుంది. దానివల్ల హాని లేదు, రుచి మాత్రం కాస్త తగ్గుతుంది.

మరీ తాజా గుడ్లు పెంకు సరిగా వదలవు. సొన ముక్కలు ముక్కలుగా పెంకుతోపాటే వచ్చేస్తుంది. అలా గుంటలు పడినచోట నీళ్లు నిలుస్తాయి, నూనెలో చిటపటలు ఎక్కువవుతాయి. కొని నాలుగైదు రోజులైన గుడ్లయితే ఒలవడం తేలిక.

గుడ్డు లావుగా ఉండే వైపు గాలి ఉండే చోటు ఒకటి ఉంటుంది. ఒలిచాక అక్కడ చిన్న సొట్ట కనిపిస్తుంది. పెంకు కింది పల్చటి పొర కూడా తరచుగా అక్కడే అంటుకుని ఉండిపోతుంది. ఒలిచిన గుడ్డును కడిగి పక్కన పెడితే మిగతా అంతా ఆరుతుంది గానీ ఆ సొట్టలో, ఆ పొర కింద ఒక చుక్క నీరు నిలబడే ఉంటుంది. ఆ ఒక్క చుక్క చాలు నూనె ఎగచిమ్మడానికి. పొరను గోటితో తీసేసి, పొడి నూలుగుడ్డ కొసతో సొట్టను అద్ది తుడవండి. తర్వాత గుడ్లన్నీ పళ్లెంలో విడివిడిగా పెట్టి పది నిమిషాలు ఫ్యాను కింద వదిలేయండి. వానాకాలంలో ఇంకాస్త ఎక్కువసేపు ఉంచాలి. ఉప్పు ఇప్పుడే చల్లకండి, చల్లితే పైన మళ్లీ చెమ్మ చేరుతుంది.

గాట్లు ఎలా పెట్టాలి

గుడ్డుకు నిలువుగా మూడు నాలుగు గాట్లు. రెండు కొసలూ కలవకుండా, పైనా కిందా కాస్త వదిలేసి పెట్టాలి. లోతు విషయంలోనే చాలామంది పొరబడతారు. పైపైన గీరితే వేగేటప్పుడు ఆ గీత మూసుకుపోతుంది, ప్రయోజనం ఉండదు. మరీ లోతుగా కోస్తే గుడ్డు నూనెలో విచ్చుకుని పచ్చసొన రాలిపోతుంది. చాకు మొన తెల్లసొన దాటి పచ్చసొనకు తగిలీ తగలనట్టు ఉంటే చాలు. కోడిగుడ్డు పులుసులో వేసే గుడ్లకు పెట్టే గాటు కూడా ఇలాంటిదే. అక్కడ పులుసు లోపలికి వెళ్లడానికి, ఇక్కడ ఆవిరి బయటికి రావడానికి. గాట్లు కనిపించడం ఇష్టం లేకపోతే ఫోర్కుతోనో పళ్లపుల్లతోనో చుట్టూ పది పన్నెండు చోట్ల లోపలిదాకా గుచ్చండి. సొట్ట ఉన్న వైపు ఒక పోటు తప్పనిసరి. కౌజు పిట్ట గుడ్లు చిన్నవే కదా అని వదిలేయకూడదు, వాటికీ పుల్లతో గుచ్చాలి.

గుడ్డును అరచేతిలో పట్టుకుని గాటు పెట్టడం మన అలవాటు. ఒలిచిన గుడ్డు జారుతుంది, చాకు చేతిలోకి దిగుతుంది. పీట మీదో చెక్క మీదో పెట్టి కోయండి.

మూకుడు, నూనె, సెగ

గుడ్డు వేపుడుకు నూనె తేలాల్సిన పనిలేదు. నాలుగు గుడ్లకు మూడు చెంచాల నూనె సరిపోతుంది. నూనె తక్కువైతే చిమ్మేదీ తక్కువే. అంచులు ఎత్తుగా ఉన్న ఇనుప మూకుడు అన్నిటికంటే మేలు. లోతు లేని దోశె పెనం మీద వేపితే చిమ్మిన నూనె నేరుగా పొయ్యి మంట మీద పడుతుంది. నాన్‌స్టిక్ పాన్ వాడేవాళ్లు దాన్ని ఖాళీగా పెద్దమంట మీద ఉంచకూడదు.

నూనె పొగ వస్తోందంటే మరీ కాగిపోయినట్టు. మధ్యస్థంగా కాగాక సెగ తగ్గించి, చెంచాడు బియ్యప్పిండి గానీ శనగపిండి గానీ గుడ్లకు పల్చగా అద్దండి. మిగిలిన చెమ్మను పిండి పీల్చుకుంటుంది, పైన కరకరలాడే పొరా వస్తుంది. పిండిని నీళ్లలో జారుగా కలిపి ముంచితే ఈ లాభం పోతుంది.

గుడ్లను పైనుంచి పడేయకుండా పట్టకారతో గానీ పెద్ద గరిటెతో గానీ మూకుడు అంచు దగ్గర దించి, మీకు అవతలి వైపుకు దొర్లించండి. నాలుగు కంటే ఎక్కువ ఒకేసారి వద్దు. వెంటనే చిల్లుల మూత పెట్టండి. లేకపోతే మామూలు మూతనే కాస్త తెరిచి వారగా పెట్టండి. పూర్తిగా మూస్తే ఆవిరి నీరై నూనెలోనే కారుతుంది, అది ఇంకా ప్రమాదం. నిమిషానికోసారి మూతను మీ వైపు అడ్డం ఉండేలా ఎత్తి, పొడవైన గరిటెతో గుడ్లను దొర్లించండి. ఎంత ఆకలిగా ఉన్నా మూకుడు మీదికి వంగి చూడొద్దు. గుడ్డు చర్మం ముడతలు పడి, బుడిపెలు లేచి, తేనె రంగుకు వచ్చిందంటే వేగినట్టే. అక్కడి నుంచి ఇంకా ఎర్రగా చేయాలని చూస్తే తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

నైటీ వేలాడే చేతులు, చున్నీ కొసలు ముందే దోపుకోండి. పాలిస్టర్ బట్ట కంటే నూలు బట్ట మంచిది. మూకుడు కాడ పొయ్యి బయటికి రాకుండా లోపలికి తిప్పి ఉంచాలి. చిన్నపిల్లలను కనీసం మూడడుగుల దూరంలో ఉంచండి. ఎలక్ట్రిక్ కాయిల్ పొయ్యి ఉన్న ఇళ్లలో ఇంకో సంగతి: స్విచ్ ఆపినా కాయిల్ వేడి చాలాసేపు పోదు. అందుకే గుడ్లు పూర్తిగా వేగడానికి కాస్త ముందే ఆపేయాలి.

కారం, పసుపు మొదట్లోనే నూనెలో వేస్తే మాడిపోతాయి, ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గు. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. గుడ్లు వేగాక తీసి పక్కన పెట్టి, పొయ్యి ఆపి, నూనె కాస్త నెమ్మదించాక పసుపు, ఉప్పు, వెల్లుల్లి కారం వేసి గుడ్లను దొర్లిస్తే ఆ వేడికే పట్టుకుంటుంది. వెల్లుల్లి రెబ్బలు దంచే వేయాలి. కరివేపాకు కడిగిన వెంటనే వేయకుండా తుడిచి వేయాలి.

గుడ్డును రెండుగా కోసి వేపుకుంటే పేలే భయం చాలావరకు తగ్గుతుంది. మొదటిసారి చేసేవాళ్లు అలాగే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. కోసిన వైపు ముందు కిందికి పెట్టి కదపకుండా వేగనిస్తే పచ్చసొన పైన పొర కట్టి రాలకుండా ఉంటుంది.

కాలితే, మంట లేస్తే

నూనె పడిన చోటును వెంటనే కొళాయి ధార కింద పెట్టి 20 నిమిషాలు ఉంచండి. రెండు నిమిషాలకే చల్లబడినట్టు అనిపిస్తుంది, అయినా తీయకండి. వాచేలోపే గాజులు, ఉంగరాలు తీసేయాలి. ఐస్ పెట్టొద్దు. టూత్‌పేస్టు, సిరా, పసుపు, వెన్న, ఇడ్లీ పిండి, ఇవేవీ రాయొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే తెచ్చి రాస్తారు, కానీ అవి వేడిని లోపలే ఉంచేస్తాయి, చీము పట్టడానికి కారణమవుతాయి, డాక్టరుకు గాయం కనిపించకుండా చేస్తాయి. బొబ్బలు చిదమకుండా శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పండి. మీ అరచేయంత చోటు కాలినా, మొహం, కీళ్లు, చేతివేళ్లు కాలినా, కాలింది చిన్నపిల్లలైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కంట్లో పడితే నలపకుండా మంచినీళ్లతో 15, 20 నిమిషాలు కడుగుతూ ఉండి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మన రెండు రాష్ట్రాల్లోనూ అంబులెన్స్ నంబరు 108.

మూకుట్లో మంట లేస్తే నీళ్లు పోయొద్దు. పోస్తే మంట ఒక్కసారిగా పైకి ఎగుస్తుంది. చేతికి అందితే పొయ్యి ఆపి, మూతో పెద్ద పళ్లెమో పక్కనుంచి జరుపుతూ మూకుడు మీద కప్పేసి, పూర్తిగా చల్లారేదాకా తీయకండి. మండుతున్న మూకుడు పట్టుకుని బయటికి పరుగెత్తితే ఒళ్లు కాలే ప్రమాదం ఎక్కువ. మంట అదుపులోకి రాకపోతే అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి.

మిగిలినవి

ఉడికిన గుడ్లు గానీ వేపిన గుడ్లు గానీ బయట రెండు గంటలకు మించి ఉంచొద్దు. మన ఎండాకాలంలో గంటే లెక్క. పెంకుతో ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టినవి వారం రోజుల దాకా ఉంటాయి. అలాంటివి వేపాలంటే ముందుగా బయటపెట్టి, పైన పట్టిన చెమ్మను మళ్లీ తుడవాలి.

మైక్రోవేవ్‌లో మాత్రం ఉడికిన గుడ్డును, వేపిన గుడ్డును గుండుగా పెట్టొద్దు. అందులో పచ్చసొన లోపల్లోపలే వేడెక్కి, బయటికి తీసి కొరికే సమయానికి నోట్లోనే పేలే ప్రమాదం ఉంది. ముందు పెట్టిన గాట్లను నమ్ముకోవద్దు, వేగాక అవి మూసుకుపోయి ఉండొచ్చు. పొద్దున బాక్సులో పెట్టడానికి రాత్రి మిగిలిన గుడ్డు వేడి చేయాలనుకుంటే నాలుగు ముక్కలుగా కోసి, పెనం మీద చుక్క నూనెతో సన్నని సెగన వెచ్చచేయండి. పోయిన కరకర కూడా కొంత తిరిగి వస్తుంది.