ఇంట్లో సినిమా సర్వర్ పెట్టే ముందు జాగ్రత్తలు

సినిమా సర్వర్ అంటే సినిమాలు దాచి ఇంట్లోని టీవీలకు పంపే కంప్యూటర్. దానికి హార్డ్ డిస్కులు కొనే ముందే లెక్క వేసుకోండి: ఒకేసారి ఎంతమంది చూస్తారు, ఏ టీవీల్లో?

- టీవీ ఫైల్‌ని నేరుగా ఆడించగలిగితే సర్వర్‌కి పెద్ద పనేం ఉండదు. లేదంటే ట్రాన్స్‌కోడింగ్ (టీవీకి సరిపడేలా వీడియోను అప్పటికప్పుడు మార్చడం) మొదలవుతుంది, అసలు టెన్షన్ అక్కడే. ఇద్దరు ముగ్గురు 4కే పెడితే మామూలు ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది. క్విక్ సింక్ (వీడియో మార్చే పని కోసమే చిప్‌లో ఉండే ప్రత్యేక భాగం) ఉన్న ఇంటెల్ చిప్ మేలు. ఒక్కోసారి సబ్‌టైటిల్స్ ఆన్ చేసినా ఈ భారం పడుతుంది.
- చాలా టీవీల లాన్ పోర్టు (నెట్ కేబుల్ పెట్టే చోటు) వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే. పెద్ద 4కే బ్లూరే ఫైళ్లు ఆగి ఆగి వస్తాయి. దగ్గర్లో రౌటర్ ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై నయం.
- డిస్కు సీఎంఆర్ (డేటా వరుసలు ఒకదానిపై ఒకటి పడకుండా రాసే) రకమేనా అని అడిగి కొనండి.
- రెయిడ్ (ఒక డిస్కు పాడైనా డేటా పోకుండా కొన్ని డిస్కులను కలిపి వాడే పద్ధతి) ఉంది కదా అని బ్యాకప్ మానకండి. పొరపాటున డిలీట్ చేస్తే అదే కాపీ ఉండే అద్దం డిస్కులోనూ పోతుంది. సినిమాలు మళ్లీ ఎక్కించుకోవచ్చు, పెళ్లి వీడియోలు రావు.
- కరెంటు పోయే ఊరైతే యూపీఎస్ తప్పనిసరి.