.22 రైఫిల్‌కి ఐరన్ సైటా, స్కోపా: గురి కుదరకపోతే ఎక్కడ వెతకాలి

విశాఖలో .22 రైఫిల్ పట్టేవాళ్లలో చాలామంది కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో ఐరన్ సైట్‌తో (రైఫిల్ మీదే ఉండే గాజు లేని గురి సాధనం) మొదలుపెట్టినవాళ్లే. తర్వాత రేంజికి వెళ్తూ, గుండ్లు చెదిరిపోతుంటే అందరికీ వచ్చే మొదటి ఆలోచన స్కోపు (గురి పెట్టే దుర్భిణి) కొనడం. కొనే ముందు తప్పు కంటిదో, సైటుదో, తూటాదో తేల్చుకోండి. స్కోపు టార్గెట్‌ని దగ్గరగా చూపిస్తుంది, అంతే. మిగతా తప్పులు ఎక్కడివక్కడే ఉంటాయి.

అసలు మీరు ఆడేది 50 మీటర్ల ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) రైఫిల్ పోటీ అయితే ఈ చర్చే అక్కర్లేదు. అక్కడ స్కోపుకి అనుమతి లేదు, పీప్ సైటే (కంటి దగ్గర చిన్న రంధ్రం ఉండే ఐరన్ సైటు) వాడాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచింది పీప్ సైట్‌తోనే. పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. అంత చిన్నదాన్ని గాజు సాయం లేకుండా కొట్టవచ్చని వాళ్లు ఎప్పుడో నిరూపించారు.

గుండ్లు టార్గెట్ నిండా చెదురుతున్నాయి

రైఫిల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, తొందరపడకుండా ఐదు రౌండ్లు కాల్చండి. ఐదూ ఒకచోట గుమిగూడి మధ్యకి దూరంగా పడితే రైఫిల్ బాగానే ఉన్నట్టు, జీరో (గురి పెట్టినచోటే గుండు పడేలా సైటు సర్దడం) మాత్రమే సరిచేయాలి. సంచి మీద కూడా చెదిరాయంటే సైటు మార్చి లాభం లేదు. స్టాకుని (భుజానికి, చెంపకి ఆనే భాగం) రైఫిల్ లోహపు భాగంతో బిగించే స్క్రూలు చూడండి, తర్వాత తూటా మార్చి చూడండి. .22ది రిమ్‌ఫైర్ తూటా, అంటే నిప్పు రాజేసే ప్రైమింగ్ మందు దాని అడుగు అంచు లోపల ఉంటుంది. అది అన్నిట్లో ఒకేలా సర్దుకోకపోతే వేగాలు మారిపోతాయి. ఒక రైఫిల్‌కి నచ్చిన తూటా ఇంకో రైఫిల్‌కి నచ్చదు, ఒకే కంపెనీవైనా లాటు మారితే గ్రూపు (గుండ్లు పడ్డ గుంపు) మారొచ్చు. దొరికిన రెండు మూడు రకాలు కాల్చి చూసి, బాగా పడినదాన్నే పట్టుకోండి.

సంచి మీద గ్రూపు బాగుండి, చేత్తో పట్టుకుంటే చెదురుతోందంటే సమస్య పట్టులోనో, ట్రిగ్గర్ లాగడంలోనో, సైటు చూడటంలోనో ఉంది. కింద చెప్పేదంతా అక్కడినుంచి.

ముందు సైటు మసకగా కనిపిస్తోంది

నలభై దాటినవాళ్ల నుంచి ఎక్కువగా వినే మాట ఇది. ఓపెన్ సైట్‌లో కన్ను మూడు దూరాల్ని ఒకేసారి చూడాలి: వెనక గాడి, ముందు పోస్టు, టార్గెట్. ఏ కన్నూ మూడింటినీ స్పష్టంగా చూడలేదు, అందుకే ముందు సైటు మీదే చూపు నిలపమంటారు. వయసు పెరిగే కొద్దీ ఆ ఒక్కటీ కష్టమవుతుంది.

ఇక్కడ తేడా ఎంత పెద్దదో లెక్క వేసి చూడండి. మీ రెండు సైట్ల మధ్య దూరం 50 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు పోస్టు గాడి మధ్యలోంచి మిల్లీమీటరులో పదో వంతు పక్కకి జరిగితే 50 మీటర్ల దగ్గర గుండు 10 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. అంటే పది వలయం మొత్తం వెడల్పంత. మసక కంటికి ఆ పదో వంతు తెలియనే తెలియదు.

ఇలాంటప్పుడు ముందు పీప్ సైట్ ప్రయత్నించండి, స్కోపు తర్వాత. కంటి దగ్గర ఉండే ఆ చిన్న రంధ్రంలోంచి చూస్తే దగ్గరదీ దూరందీ రెండూ కాస్త తేటపడతాయి, వెనక గాడిని చూసే పనే ఉండదు. కన్ను దానంతటదే రంధ్రం మధ్యకి వస్తుంది. రంధ్రం మరీ చిన్నదైతే వెలుతురు చాలదు, కాబట్టి సైజు మార్చుకునే ఐరిస్ ఉన్నది మేలు. అద్దాలు వాడేవాళ్లు గురి పెట్టే భంగిమలో కంటి నుంచి ముందు సైటు దాకా టేపుతో కొలిపించుకుని, ఆ దూరం కళ్ల డాక్టరుకి చెప్పండి. షూటింగుకి విడిగా అద్దం రాస్తారు. ఇవి రెండూ చేసినా పోస్టు అంచు తేలకపోతే ఇక మొహమాటం లేకుండా స్కోపుకి వెళ్లండి. స్కోపులో క్రాస్‌వైరు (గురికి వాడే అడ్డం నిలువు గీతలు), టార్గెట్ ఒకే తలంలో కనిపిస్తాయి, కంటికి ఆ శ్రమ తప్పుతుంది.

పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట

దీనికి ఇక్కడ రెండు కారణాలు. ఒకటి ఎండ. పక్కనుంచి పడ్డ వెలుతురుకి ముందు పోస్టు ఒక అంచు మెరుస్తుంది, కన్ను ఆ మెరుపునే పోస్టు అనుకుంటుంది. పాత షూటర్ల వైద్యం కర్పూరం. రైఫిల్ ఖాళీ అని రెండుసార్లు చూసి, బోల్టు తీసి, మందుగుండుకీ నూనె గుడ్డలకీ దూరంగా కర్పూరం బిళ్ల వెలిగించండి. మంట తగలకుండా, పొగ మాత్రమే తగిలేలా పోస్టుని ఒక్క క్షణం పైన పట్టండి. మెత్తటి నల్లటి మసి పట్టి మెరుపు పోతుంది. వేలు తగిలితే చెరిగిపోతుంది, జాగ్రత్త.

రెండోది సముద్రపు గాలి. పొద్దెక్కే కొద్దీ అది ఊపందుకుంటుంది. గంటకి 16 కిలోమీటర్ల అడ్డగాలి .22 గుండుని 50 మీటర్లలో రెండు సెంటీమీటర్లకి తగ్గకుండా పక్కకి తోస్తుంది. దీనికి ఏ సైటూ మందు కాదు. ఇంకో సంగతి, హైవెలాసిటీ తూటాలు గాలికి తక్కువ కదులుతాయని చాలామంది అనుకుంటారు. .22లో జరిగేది దానికి వ్యతిరేకం, మామూలు వేగం తూటానే తక్కువ కొట్టుకుపోతుంది. జీరో చేసేటప్పుడు పొద్దున్నే, గాలి లేనప్పుడు చేయండి.

స్కోపు పెట్టాక అంచున నల్లటి నెలవంక

స్కోపు ఐరన్ సైటు కన్నా ఎత్తులో కూర్చుంటుంది. పాత స్టాకు మీద చెంప ఆనిస్తే కన్ను కిందే ఉండిపోతుంది, అందుకే ఆ నెలవంక. తల ఎత్తి చూస్తే చెంపకి ఆనిక ఉండదు, ప్రతి గుండుకీ తల ఒక్కో చోట ఉంటుంది. స్కోపుని పట్టి ఉంచే రింగులు పొట్టివి వేయించండి, చాలకపోతే స్టాకు మీద చెంప దిండు కట్టండి. స్కోపుని ముందుకీ వెనక్కీ జరిపి, మెడ సాగదీయకుండా పూర్తి వృత్తం కనిపించేచోట బిగించండి.

తల కదిపితే క్రాస్‌వైరు టార్గెట్ మీద జరుగుతోంది

దీన్ని పారలాక్స్ అంటారు. పెద్ద రైఫిళ్ల స్కోపులు ఎక్కువగా 100 గజాలకి సర్ది వస్తాయి, రిమ్‌ఫైర్ స్కోపులు 50 గజాలకి. రైఫిల్‌ని సంచుల మీద పెట్టి, ముట్టుకోకుండా తల మాత్రం పైకీ కిందకీ ఆడించి చూడండి. వైరు జరిగితే రిమ్‌ఫైర్ స్కోపు గానీ, దూరం సర్దుకునే రింగు ఉన్నది గానీ తీసుకోవాలి. ఎవరైనా పాతది చవగ్గా ఇస్తామంటే డబ్బు చేతిలో పెట్టకముందే ఈ పరీక్ష చేయండి.

లెక్కప్రకారం తిప్పినా గుండు సగమే జరుగుతోంది

స్కోపు మీటని ఒక్క టిక్కు తిప్పడాన్ని క్లిక్కు అంటారు. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్కు 100 గజాల దగ్గర సుమారు 7 మిల్లీమీటర్లు జరుపుతుంది. 50 మీటర్లకి అది 3.6 మిల్లీమీటర్లే, 25 మీటర్లకి 1.8. గ్రూపు 50 మీటర్లలో రెండు సెంటీమీటర్లు కిందుంటే ఐదారు క్లిక్కులు కావాలి, మూడు కాదు. ఐరన్ సైట్‌లో అయితే గుండు ఎటు జరగాలో వెనక సైటుని అటే జరపాలి, ముందు సైటుని మాత్రం దానికి ఎదురుగా.

క్రాస్‌వైరు వణుకుతోంది

ఆ వణుకు ముందూ ఉంది, ఇప్పుడు కనిపిస్తోంది. స్కోపు పవరు (ఎన్ని రెట్లు పెద్దగా చూపించాలన్నది) నాలుగుకి తగ్గించండి.

జీరో వారానికోసారి మారిపోతోంది

.22 రైఫిళ్లలో స్కోపు ఎక్కువగా 11 మిల్లీమీటర్ల గాడి పట్టాల మీద కూర్చుంటుంది. స్క్రూ కొంచెం వదులైనా మౌంటు (స్కోపుని పట్టానికి పట్టే బిగింపు) జారుతుంది. బిగించాక స్క్రూ తల మీంచి రింగు మీదికి గోళ్ల రంగుతో సన్నని గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే స్క్రూ తిరిగినట్టే. పట్టానికి నూనె ఉంటే ముందు తుడిచేయండి.

అద్దం లోపల తడి

ఏసీ కారులోంచి మన ఉక్కపోతలోకి తీసిన స్కోపు పైన మసక రావడం మామూలే. సంచిలోనే అరగంట ఉంచి తీస్తే రాదు. మసక అద్దం లోపలి వైపు ఉంటే మాత్రం సీలు పోయింది, లోపలి నైట్రోజన్ బయటికి వెళ్లిపోయింది. ఇంట్లో విప్పొద్దు, కంపెనీకి పంపండి. ఈలోగా ఐరన్ సైట్‌తో కాల్చుకోవచ్చు కాబట్టి స్కోపు పెట్టించేటప్పుడు పాత సైట్లు పీకించేయకండి. ఉప్పుగాలికి వాటి స్క్రూలు తుప్పు పట్టకుండా రేంజి నుంచి వచ్చిన రోజే నూనె గుడ్డతో తుడిచి, స్పాంజి పెట్టెలో కాకుండా పొడిగా ఉండేచోట తాళం వేసి పెట్టండి.